‘క్లోజ్డ్’ అని ఉంటే వెనక్కి వచ్చేశాను

వెళ్దామని నిర్ణయించుకున్నాక మొదటి మీటింగ్‌లో కూర్చోవడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు ఒక్క మాట వల్ల పోయాయి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ మీటింగుల జాబితా చూస్తే, నాకు దగ్గరగా ఉన్నదాని పక్కన ‘క్లోజ్డ్’ అని ఉంది. మూసేశారేమో, కొత్తవాళ్లని చేర్చుకోరేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే మనసులో హాయిగా కూడా అనిపించింది. వెళ్లకుండా ఉండటానికి సాకు దొరికింది కదా!

చివరికి ఒక రాత్రి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకి మాత్రమేననీ, ఓపెన్ మీటింగ్‌కైతే ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఎవరైనా రావచ్చనీ అవతలి ఆయన చెప్పారు. అంటే సరిగ్గా నాలాంటివాడి కోసం పెట్టినదాన్ని చూసే నాది కాదనుకున్నానన్నమాట. ‘మీకు తాగుడు మానాలని ఉందా?’ అని ఆయన ఒక్కటే అడిగారు. ఉందన్నాను. ‘అయితే వచ్చెయ్యండి’ అన్నారు. ఇంటిపేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు.

అయితే నాకు పొద్దున్నే చేతులు వణుకుతాయని చెప్పగానే, ముందు డాక్టర్‌కి చూపించుకోమన్నారు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్ మాత్రలు రాసి, కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. ‘మందు మానడానికి మందా!’ అని మా ఆవిడ నవ్వింది. తను నవ్వి చాలా రోజులైంది.

మొదటి మీటింగ్‌లో తలుపు పక్క కుర్చీలోనే కూర్చున్నాను. దాని ఒక కాలు పొట్టిది, కదిలితే టక్కుమంటుంది. అందుకని గంటసేపూ బిగుసుకుపోయి కూర్చున్నాను. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తమ సంగతి మాట్లాడుతున్నారు. మధ్యలో ఎవరూ అడ్డు రావడం లేదు, సలహాలూ లేవు. నా వంతు వస్తే ‘ఇవాళ వింటానండీ’ అన్నాను. సరేనన్నారు. నేను విన్నదీ లేదు, లెక్క కట్టడమే సరిపోయింది. ఈయన ఉద్యోగం పోయింది, నాది పోలేదు. ఆవిడ ఆస్పత్రిలో పడింది, నేను పడలేదు. కాబట్టి నేను వీళ్లంత కాదు. చివర్లో ఒక డబ్బా తిప్పారు. ఫీజు లేదు, కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదన్నారు. ఇంటికొచ్చి ఇది మన వల్ల కాదని చెప్పేశాను.

వారం తర్వాత వేరే గ్రూప్‌కి వెళ్లాను. ఏ గ్రూప్‌ని ఆ గ్రూపే నడుపుకుంటుంది కాబట్టి ఒకదాని ధోరణి ఇంకోదానికి ఉండదు. ఒకటి నచ్చకపోతే రెండు మూడు చూడమని ఎవరడిగినా చెబుతాను. అక్కడ ఒకాయన మాటల మధ్యలో, సీసా మూత చప్పుడు ఇంట్లోవాళ్లకి వినపడకుండా ముందు కుళాయి తిప్పేవాణ్నన్నారు. నాకు ఒళ్లు జల్లుమంది. నేను సరిగ్గా అదే చేసేవాణ్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లోకంలో ఆ తెలివి నాకొక్కడికే ఉందనుకునేవాణ్ని.

ఆయన్నే స్పాన్సర్‌గా ఉండమని అడిగాను. స్పాన్సర్ అంటే మనకంటే ముందు మానేసి, తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్ల దారిలో మనల్ని తోడుండి నడిపించే మనిషి. ఆ మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, నాకు అంత భక్తి లేదు. ‘నీకు అర్థమైనట్టే అనుకో, ముందు రా’ అన్నారు. అది మింగుడుపడనివాళ్లకి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ లాంటి దారులున్నాయి. అందులో మెట్లూ స్పాన్సర్లూ ఉండరు, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతులు నేర్పుతారు. ఆన్‌లైన్‌లో కొన్నిసార్లు చూశాను, బాగానే ఉంది. కానీ నాకు కుళాయి ఆయన కావాలి.

డెబ్బై ఒక్క రోజులు బాగానే గడిచాయి. తర్వాత తాగాను. ఫోన్ చేతిలోనే ఉంది, చెయ్యలేదు. రెండు రోజుల తర్వాత చేస్తే ఆయన తిట్టలేదు. ‘తాగాక చేస్తే నేనేం చెయ్యను? తాగేముందు చెయ్యి’ అన్నారు. అప్పుడే, ఏఏని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన బిల్ విల్సన్ సంగతి చెప్పారు. 1935లో వ్యాపారం పని మీద అమెరికాలోని ఏక్రన్ వెళ్లి, అది చెడిపోయి, హోటల్లో బార్ సందడి వింటూ నిలబడ్డాడట. లోపలికి వెళ్లకుండా, మాట్లాడటానికి ఇంకో తాగుబోతు దొరుకుతాడేమోనని వరసగా ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడే ఆ రెండోవాడు, డాక్టర్ బాబ్. ఆ బాబ్ ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా జరుపుకుంటారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ ఫోన్లే. తెలియనివాళ్లకి, అదీ తాగకముందు!

నా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. ఆయన నంబర్ అద్దం పక్కన అంటించుకున్నాను. వెధవ ప్రశ్నలకి కూడా చేస్తాను, ఆయన విసుక్కుంటూనే ఎత్తుతారు.

ఇప్పుడు మా గ్రూప్‌లో తాళం తీసి కుర్చీలు వేసే పని నాది. తలుపు మీద ‘క్లోజ్డ్ మీటింగ్’ అన్న బోర్డు కింద ఒక కాగితం అంటించాను: ‘తాగుడు మానాలనుకునేవాళ్లు లోపలికి రండి, తలుపు తీసే ఉంది.’ టేపు సరిగా అంటుకోదు. ప్రతి వారం ఊడిపోతుంది, మళ్లీ అంటిస్తాను.