లైటు కింది మడి

అక్టోబర్ 25, శనివారం.

సాయంత్రం బస్సుకు హనుమకొండ నుంచి ఊరికొచ్చాను. బ్యాగు లోపల పెట్టకముందే బాపు "దా, పొలం చూద్దువు" అని తీసుకుపోయాడు. అంతటా వరి గొలుసులు వంగి పండబారుతున్నాయి, కూడలిలోని హైమాస్ట్ లైటుకు దగ్గరున్న మూల మడి మాత్రం ఇంకా గొలుసు బయటపడక పొట్ట మీదే ఉంది. బలం చాల్లేదనుకుని అక్కడ రెండుసార్లు ఎక్కువ యూరియా చల్లాడట. నాకు అనుమానం లైటు మీదే. పొద్దు తగ్గి రాత్రి పొడుగైతేనే వరికి ఈనే కాలమొచ్చిందని తెలిసేది, రాత్రంతా వెలుగు పడుతుంటే కొన్ని రకాలు ఆ లెక్క తప్పి ఆలస్యంగా ఈనుతాయి. చెప్తే బాపు నవ్వలేదు. "నిరుడు గూడ ఈ మూలనే ఎనుకవడ్డది" అన్నాడు.

రాత్రి డాబా మీద పడుకున్నాను. చిన్నప్పుడు ఇక్కడే నానమ్మ ఆకాశంలో పిల్లలకోడిని, అదే కృత్తికల చుక్కల గుంపును, చూపించి లెక్కపెట్టమనేది, నాకు ఆరు చుక్కలు దొరికేవి, ఆమెకు ఎప్పుడూ ఏడు. ఇప్పుడు అది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. హైదరాబాద్ దగ్గర రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళ 48 అంగుళాల టెలిస్కోప్‌కే సిటీ వెలుగులు అడ్డం పడ్డాయి, ఇక నా కళ్ళద్దాలెంత!

పదింటికి కరెంటు పోయింది. కరెంటు పోతే సంతోషపడటం నాకిదే మొదటిసారి. కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటుపడి, తూర్పున పిల్లలకోడి కనిపించింది, ఆరు చుక్కలు, మధ్యలో ఇంకోటి ఉందా లేదా అని చూస్తుండగానే లైటు వెలిగింది. మూడు మిగిలాయి.

లైటు తీసేయమని నేననను. వానాకాలం ఆ కూడలిలో పాములు తిరుగుతాయి, బీడీలు చేసి ఆలస్యంగా ఇళ్ళకు పోయే ఆడవాళ్ళకు ఆ వెలుగు కావాలి. కానీ అది నేల మీద పడాలి గదా, పొలం మీదికీ ఆకాశంలోకీ ఎందుకు? లద్దాఖ్‌లో హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతం, చేసినప్పుడు ఊళ్ళను చీకట్లో పెట్టలేదు, లైట్లకు పైనుంచి తొడుగులు, కిటికీలకు మందం పరదాలు, అంతే. తెల్లటి ఎల్‌ఈడీ బదులు పసుపు రంగుది పెట్టినా చాలా నయం, నీలం పాలు ఎక్కువున్న వెలుగే గాలిలో బాగా చెదురుతుంది.

చుక్కల కోసమంటే పంచాయతీలో నవ్వుతారు, వరి కోసమంటే వింటారు. పొద్దున పంచాయతీ పనులు చూసే కారోబార్‌ను కలుద్దామన్నాడు బాపు. "రేకు మనమే ఇద్దాం, పొలం దిక్కు ఒక్క పక్క మూస్తే సాలు."

పైపక్క కూడా మూయాలని ఇంకా చెప్పలేదు.