ఒకే ఫైలు

తెల్లవారుజామున మూడు గంటలకు ఒళ్లంతా చెమటలు పట్టి మెలకువ వచ్చింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, బనియను మాత్రం పిండితే నీళ్లు కారేలా ఉంది. మా ఆవిణ్ణి పిలుద్దామంటే నాలుక తిరగలేదు. వణుకుతున్న చేయి తగిలి మంచం పక్కనున్న మంచినీళ్ల చెంబు కింద పడింది. ఆ చప్పుడుకు ఆమె లేచింది. ఎదురింటి తలుపు కొట్టి రక్తంలో షుగరు కొలిచే వాళ్ల గ్లూకోమీటరు తెచ్చింది. 52కు పడిపోయి ఉంది. పంచదార కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించింది. పావుగంటకు 84కు వచ్చింది. అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది.

నాకు పదకొండేళ్లుగా షుగరు. చెన్నై ప్యారీస్‌లో ఒక కాగితాల టోకు దుకాణంలో లెక్కలు రాస్తాను, ఇల్లు పెరంబూరులో. మందులు ఏనాడూ మానలేదు. షుగరుకు ఒక డాక్టరు, బీపీకి మరొకరు, కంటికి ఇంకొకరు, ఆ ఏడాది కుడి భుజం పట్టేస్తే ఎముకల డాక్టరు. అందరూ మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. కానీ ఒకరు రాసింది ఇంకొకరు చూసే దారి లేదు. వాళ్ల మధ్య కబురు మోయాల్సినవాణ్ణి నేనే. ఏ కబురు ముఖ్యమో నాకేం తెలుసు?

ఆ రాత్రి తరువాత మా మేనల్లుడు పట్టుబట్టి, డాక్టరు, నర్సు, డైటీషియన్, ఫిజియోథెరపిస్టు కలిసి చూసే ఒక చోటికి తీసుకెళ్లాడు. ‘ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి’ అని ముందే ఫోనులో చెప్పారు. అక్కడి నర్సమ్మది గూడూరు. సంచి బల్ల మీద గుమ్మరించి, ఒక్కో పట్టీ వెనక్కి తిప్పి చదివింది. రెండు పట్టీలు పక్కకు తీసింది. కంపెనీలు వేరు, రంగులు వేరు, లోపలి మందు ఒకటే, బీపీదే. ఇద్దరు డాక్టర్లు తెలియక ఒకే మందు రాశారు, నేను ఆరు నెలలుగా రెండూ మింగుతున్నాను. కుర్చీలోంచి లేస్తే కళ్లు తిరుగుతుంటే నేను వయసును తిట్టుకున్నాను, అసలు కారణం ఇది.

తరువాత ఆమె తేదీలు అడిగింది.

‘భుజానికి ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారు సార్?’

‘4వ తేదీన.’

‘షుగరు మాత్ర పెంచింది?’

‘9న. అప్పుడు 310 ఉందమ్మా.’

‘చెమటలు పట్టింది?’

‘21 రాత్రి.’

మా దుకాణంలో చిట్టా, ఆవర్జా ఎదురెదురుగా పెట్టి తేడా వచ్చిన పద్దు దగ్గర వేలు పెట్టినట్టు, ఆమె ఆ మూడు తేదీలు ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టింది. భుజానికి వేసింది స్టెరాయిడ్. అది కొన్నాళ్లపాటు షుగరును పెంచుతుంది, తరువాత దాని ప్రభావం తగ్గిపోతుంది. ఆ పెరుగుదల చూసి పెంచిన షుగరు మాత్ర, గ్లిమెపిరైడ్, మోతాదు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎవరి వైద్యం వాళ్లు సరిగ్గానే చేశారు, నాకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. భుజం పట్టేయడం కూడా షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువేనని ఆ రోజే ఫిజియోథెరపిస్టు చెబితే తెలిసింది.

మొదటి పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ, అంటే ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న షుగరును కొలిచే పరీక్ష, 10.2 వచ్చింది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఈ పరీక్ష రెండు మూడు నెలల షుగరు సగటు చెబుతుంది. పొద్దున ఒక్కపూట పస్తుండి దీన్ని మభ్యపెట్టలేం. కంటి ఫొటో తీశారు, కిడ్నీల సంగతి తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూశారు. కళ్లు మూసుకోమని, 10 గ్రాముల బలానికి వంగే నైలాన్ పోగుతో అరికాళ్లు తాకారు. తాకినప్పుడల్లా చెప్పాలి. నేను చెబుతూనే ఉన్నాను. కళ్లు తెరిచి చూస్తే కుడి బొటనవేలి కింద రెండు చుక్కలు పెట్టి ఉన్నాయి. అక్కడ తాకిన సంగతే నాకు తెలియలేదు.

డైటీషియన్ అన్నం మానెయ్యమంటుందని భయపడ్డాను. ‘వచ్చేసారి మీరు అన్నం వడ్డించే గరిటె తీసుకురండి అక్కా’ అని మా ఆవిడతో అంది. ఆ గరిటెతోనే కొలిచి చూపించింది: పూటకు రెండు గరిటెల అన్నం, దానికి సమానంగా కూర, పప్పు చిక్కగా. ముందు కూర తినాలి, అన్నం తరువాత. రోజూ పొద్దున పెద్ద గ్లాసుతో రాగి జావ తాగుతున్నానని గర్వంగా చెప్పాను. పిండిని మెత్తగా ఉడికించి జావ చేస్తే అది షుగరును చాలా త్వరగా పెంచుతుందని ఓపికగా వివరించింది. మన ఇళ్లలో ఎంతమంది ఆ గ్లాసును మందులా తాగుతున్నారో తలచుకుంటే బాధేస్తుంది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టింది గురువారం సాయంత్రాల నర్సమ్మ ఫోను. మీటరు అంకెలు చెప్పించుకునేది, మాత్ర ఏమైనా తప్పిందా అని అడిగేది. మేనకోడలి పెళ్లికి వెళ్లి వారం రోజులు అంకెలు చూసుకోకపోతే కోప్పడలేదు, ‘ఇవాళ్టి నుంచి మళ్లీ రాద్దాం సార్’ అంది. నేను చెప్పినవన్నీ డాక్టరు చూసే ఫైల్లోనే చేరేవి. ఒక నెల నేను వెళ్లకముందే మాత్ర తగ్గించమని కబురొచ్చింది.

ఇది నా ఒక్కడి అదృష్టం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. భారత్, పాకిస్తాన్‌లలోని 10 మధుమేహ కేంద్రాల్లో 1146 మందితో జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. సగం మందికి మామూలు వైద్యం. మిగతావారికి దానితోపాటు వెన్నంటి కనుక్కునే ఒక సమన్వయకర్త, డాక్టరుకు సూచనలిచ్చే కంప్యూటర్ రికార్డు. సుమారు 28 నెలల తరువాత, షుగరుతోపాటు బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ అదుపులోకి వచ్చినవాళ్లు మామూలు వైద్యంలో నూటికి 8 మంది, రెండో పద్ధతిలో 18 మంది. 18 అంటే తక్కువే, 82 మంది మిగిలిపోయారు కదా అని నాకూ అనిపించింది. కానీ ఆ సమన్వయకర్తలు డాక్టర్లు కారు. మా నర్సమ్మలాంటి ఒక మనిషి, ఆ కంప్యూటర్ రికార్డు తోడై ఫలితం రెట్టింపైంది. 10 కోట్లకు పైగా మధుమేహులున్న దేశంలో ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ అలాంటి మనిషి ఒకరు ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నా హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు 8.1, తొమ్మిది నెలలకు 6.9. రాత్రి చెమటలు మళ్లీ పట్టలేదు. కుడి చేయి ఇప్పుడు తల పైదాకా లేస్తోంది, దుకాణంలో పై అరలోని పద్దు పుస్తకాలు నేనే దించుకుంటున్నాను. బొటనవేలి కింద ఆ రెండు చోట్లూ మాత్రం మొద్దుబారే ఉన్నాయి. రోజూ పడుకునే ముందు మా ఆవిడ చిన్న అద్దం అరికాలి కింద పట్టుకుంటుంది, నేను వంగి చూసుకుంటాను.