తెలిసినట్టు తల ఊపాను

ఆ రోజు నేను తల ఊపాను. తల ఊపడం గురించి కూడా రాయాలా అని మీకనిపించొచ్చు గానీ, నా గొడవంతా అక్కడే మొదలైంది కాబట్టి అక్కడ్నుంచే చెప్తాను.

మేం ఏడుగురం. రెండు వారాలకోసారి ఒక కథో కవితో ముందే చదువుకొచ్చి కూర్చుని మాట్లాడుకుంటాం. నేను చిన్నప్పట్నుంచీ పుస్తకాల పురుగునే, "నువ్వు బాగా చదువుతావురా" అని ఎవరన్నా అంటే పైకి అబ్బే అంటూనే లోపల ఒప్పేసుకునే రకం. ఆ ధీమాతోనే వాళ్ళలో చేరాను. మొదటి రెండు మూడు సార్లు బాగానే గడిచింది, "పాత్ర చాలా సహజంగా ఉంది", "ముగింపు కొంచెం హడావిడిగా అయిపోయింది" లాంటి మాటలతో నెట్టుకొచ్చాను. ఇలాంటివి ఏ కథ గురించైనా అనొచ్చు, ఎవరూ కాదనరు, పేరు మార్చి మళ్ళీ వాడుకోవచ్చు కూడా.

నాలుగోసారి ఒక తండ్రీకొడుకుల కథ. కొడుకు చెప్తుంటాడు. ఇద్దరికీ ఒక విషయంలో మాటామాటా వస్తుంది, తర్వాత కొన్నేళ్ళు పైపైన బాగానే ఉంటారు, చివర్లో తండ్రి ఒకసారి వచ్చి వెళ్ళిపోతాడు. అంతే కథ. నేను చదివి ఏడ్చాను. అక్కడ అదే చెప్పాను, "చివర్లో నాకు ఏడుపొచ్చిందండీ, ఒక కథ ఇంతకంటే ఏం చెయ్యాలి?" అని. కొంచెం గర్వంగానే అన్నాననుకోండి, ఏడుపు రావడం కూడా నా గొప్పే అన్నట్టు.

నా ఎదురుగా కూర్చున్నాయన చాలా మర్యాదగా, "అది అఫెక్టివ్ ఫాలసీ అవుతుంది కదండీ" అన్నారు.

అప్పుడు ఊపాను తల. అవునవును, నిజమే, నాకూ ఆ అనుమానం ఉంది సుమా అన్నట్టు, కొంచెం పెదవి కూడా విరిచి. ఆ మాట వినడం నాకు జీవితంలో అదే మొదటిసారి. తర్వాత చర్చ నన్ను దాటి వెళ్ళిపోయింది. కథ చెప్పేవాడు వేరు రచయిత వేరు అని ఒకరు, ఫ్రెంచ్ విమర్శకుడు రోలా బార్త్ 1967లోనే రచయిత చనిపోయాడని తేల్చేశాక ఇంకా రచయిత ఉద్దేశం గురించి మాట్లాడతారేంటి అని ఇంకొకరు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా నవ్వడం ఎంత శ్రమో తెలుసా? పక్కవాళ్ళు ఆపగానే ఆపాలి, ముందు ఆపకూడదు, వెనక ఆపకూడదు. మిగతా గంటన్నర దీర్ఘంగా ఆలోచిస్తున్నవాడి ముఖం పెట్టుకుని కూర్చున్నాను. ఆలోచిస్తున్న మాట నిజమే, నన్నెవరూ ఏమీ అడక్కుండా ఉంటే బావుండునని ఆలోచిస్తున్నాను.

ఇంటికొచ్చి వెతికాను. విమ్సాట్, బియర్డ్స్‌లీ అని ఇద్దరు అమెరికన్లు, 1946లో ఒక వ్యాసం, 1949లో ఇంకో వ్యాసం. మొదటిదాంట్లో, రచయిత ఏమనుకుని రాశాడన్నదాన్ని బట్టి కవితను తూచకూడదన్నారు. రెండోదాంట్లో, చదివినవాడికి ఏమనిపించిందన్నదాన్ని బట్టీ తూచకూడదన్నారు, అలా తూచడమే అఫెక్టివ్ ఫాలసీ. అంటే రాసినవాణ్ణీ బయటికి పంపి, చదివినవాణ్ణీ బయటికి పంపి, కవితను లోపల పెట్టి తలుపేశారన్నమాట. నా ఏడుపుకి ఆ గదిలో చోటు లేదు.

మూడో రోజు స్నానం చేస్తుంటే జవాబు తట్టింది. మన భరతుడు నాట్యశాస్త్రంలో రసం గురించి చెప్పినదీ, తర్వాత అభినవగుప్తుడు దాన్ని వివరించినదీ చూస్తే, చూసేవాడి అనుభవాన్ని పక్కన పెడితే అసలు మాట్లాడుకోవడానికి ఏం మిగుల్తుంది? సహృదయుడు, అంటే స్పందించే మనసున్నవాడు, అని ఒక మాటే ఉంది కదా పాఠకుడి కోసం! ఈ ముక్క ఆ రోజు అని ఉంటే ఎలా ఉండేది! ఎవరూ లేని చోట, షవర్ కింద నిలబడి, ఆయనకి అరగంట సేపు సమాధానం చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఇక మీరు ఊహించిందే, పరీక్ష ముందు రాత్రి చదివినట్టు చదివాను. పది రోజుల్లో ఎన్ని పుస్తకాలు తిరగేశానో, వాటిలో ఒక్కటీ పూర్తిగా చదవలేదు. కావలసినవి మాటలు, వాటిని ఏరుకుని పెట్టుకున్నాను. ఎక్కడ ఏది తగునో చెప్పే క్షేమేంద్రుడి ఔచిత్యం ఒకటి, పైకి అనకుండానే స్ఫురించే అర్థానికి ఆనందవర్ధనుడు పెట్టిన ధ్వని అనే పేరు ఒకటి, రష్యన్ విమర్శకుడు ష్క్లోవ్‌స్కీ 1917లో చెప్పిన అపరిచితీకరణ ఒకటి. రోజూ చూసేదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూపించడమే కళ చేసే పని అని ఆయన వాదన. చాలా మంచి మాట, దాన్ని నేను ఎదుటివాళ్ళ మీద విసరడానికి రాయిలా దాచుకున్నాను, అది వేరే సంగతి.

తర్వాతి సమావేశంలో వేరే కథ. నా వంతు వచ్చేదాకా కూడా ఆగలేదు, "ఈ కథలో వాచ్యం కంటే ధ్వనే ప్రధానం, అపరిచితీకరణ కూడా చాలా బలంగా ఉంది" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఎదురుగా ఉన్నాయన ముఖం వెలిగిపోయింది, పాపం నిజంగానే సంతోషించారు. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంటారు. తక్కువ మాట్లాడతారు, ఎప్పుడూ ఏ పేరూ చెప్పరు, అందుకని ఆవిడ కూడా నాలాగే ఈ లోతు నీళ్ళల్లో తెలియక దిగారేమో అని నేను ధైర్యం తెచ్చుకుంటూ ఉండేవాణ్ణి. ఆవిడ అడిగారు, "ఎక్కడ బాబూ?"

"అంటే?"

"ధ్వని అన్నావు కదా. ఏ వాక్యంలో?"

నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు, కాగితాలు ముందుకు జరిపి, కళ్ళజోడు సర్దుకుని, నేను వేలు పెట్టి చూపించే చోటు కోసం ఎదురుచూశారు. నేను పేజీలు తిప్పాను. వెనక్కి తిప్పాను. చెవులు వేడెక్కిపోయాయి. చివరికి "ఫలానా వాక్యమని కాదండీ, మొత్తంగా" అన్నాను. మొత్తంగా అనే మాట నాలాంటివాళ్ళని ఇప్పటిదాకా ఎన్నిసార్లు కాపాడిందో!

ఆవిడ ఊరుకుంటారనుకున్నాను. "పోయినసారి కథకి నీకు ఏడుపొచ్చిందన్నావు చూడు, నాకూ వచ్చింది. ఎందుకొచ్చిందా అని ఇంటికెళ్ళి మళ్ళీ చదివాను" అంటూ సంచిలోంచి ఆ పాత కథ తీశారు. పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు, అన్నీ వాక్యాల చివర్లలోనే. మొదటి పేజీల్లో కొడుకు చెప్పే తీరు చూపించారు. నాన్న వచ్చాడు, నాన్న నవ్వాడు, నాన్న ఏదో అన్నాడు. గొడవ తర్వాత పేజీ తిప్పితే, నాన్న వచ్చారు. నాన్న కూర్చున్నారు. నాన్న ఏమీ అనలేదు అని ఉండాల్సిన చోట, నాన్నగారు ఏమీ అనలేదు.

"కోపమొచ్చిందని ఎక్కడన్నా రాశాడా? లేదు. కొడుక్కి మర్యాద వచ్చింది, అంతే" అన్నారు.

తర్వాత ఆఖరి వాక్యం దగ్గర పెన్సిల్ పెట్టారు. తండ్రి గేటు దాటి మలుపు తిరిగాక ఉన్న వాక్యం. "నాన్న వెళ్ళిపోయాడు."

వెళ్ళిపోయారు కాదు. వెళ్ళిపోయాడు. అన్నేళ్ళ తర్వాత, వినేందుకు ఆయన అక్కడ లేనప్పుడు, మళ్ళీ డు.

నేను ఆ కథ మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ వాక్యం దగ్గరే గొంతు పట్టేసింది. ఒక్కసారి కూడా క్రియ వైపు చూళ్ళేదు. తెలుగు పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్నవాణ్ణే కదా, ఎవర్ని వచ్చాడు అనాలో ఎవర్ని వచ్చారు అనాలో నాకెవరూ నేర్పక్కర్లేదు కదా!

అఫెక్టివ్ ఫాలసీ దగ్గర పడిన దెబ్బా ఇదీ ఒకలాంటివి కావు. అప్పుడు నాకు ఒక మాట తెలీదు, ఒక రాత్రి కూర్చుంటే తెలిసిపోయింది. ఇక్కడ నాకు తెలియని మాటంటూ ఏదీ లేదు. ఆవిడ ముందున్నవీ నా ముందున్నవీ అవే కాగితాలు. ఆవిడకి కనిపించింది, నాకు కనిపించలేదు. దీనికి ఏ పుస్తకం తిరగేయాలి?

అయినా తిరగేశాను లెండి, ఈసారి ధ్వన్యాలోకం కొంచెం నిదానంగా. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వనికి ఇచ్చిన మొదటి ఉదాహరణే ఒక ప్రాకృత గాథ, హాలుడి గాథాసప్తశతిలోది. ఒకామె ఎవరో భక్తుడితో అంటుంది: అయ్యా, ఇక నిశ్చింతగా తిరుగు, నువ్వు భయపడే ఆ కుక్కని గోదావరి ఒడ్డున పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది. చెప్పింది తిరగమని. కుక్కకే భయపడేవాడు సింహం ఉందంటే అటు అడుగు పెడతాడా? ఆ పొదలు ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు, ఈయన పూలు కోయడానికొచ్చి అడ్డం తగులుతున్నాడు. నోటితో రమ్మని, లోపలి అర్థంతో పొమ్మని. చదవగానే నాకు గుర్తొచ్చింది నాన్న వచ్చారు అన్న వాక్యమే. పైకి గౌరవం, లోపల దూరం. ఏ వాక్యంలో ఉందో చూపించలేకుండా నేను ఘనంగా ప్రకటించిన ధ్వని, పేరు కూడా ఎత్తకుండా ఆవిడ పెన్సిల్‌తో గీత గీసింది, రెండూ ఒకటే. (వ్యంగ్యం అంటే వెటకారం అని వాడి వాడి ఆ మాటని మనం పాడుచేసుకున్నాం గానీ, ఆలంకారికులు వ్యంగ్యార్థం అన్నది దీన్నే.)

ఇక ఎదురుగా ఉన్నాయన సంగతి. ఆయన్ని కొన్నాళ్ళు లోపల్లోపల తిట్టుకున్న మాట నిజం, పుస్తకాలు చదివి కథని చూడ్డం మర్చిపోయిన మనిషి అని తీర్పు కూడా ఇచ్చేశాను. తర్వాత ఐ. ఎ. రిచర్డ్స్ అనే ఇంగ్లీషు విమర్శకుడు 1929లో వేసిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. ఆయన కేంబ్రిడ్జ్‌లో పదమూడు కవితలు, కవుల పేర్లు తీసేసి, చదివి మీ అభిప్రాయం రాసివ్వమని పంచిపెట్టాడు. రాసిచ్చినవాళ్ళలో ఎక్కువమంది సాహిత్యం చదువుకుంటున్న విద్యార్థులే. పేరు కనిపించకపోయేసరికి చాలామంది తడబడ్డారు, కొందరికైతే కవిత పైపై అర్థమే అందలేదు. చదువుతూ పక్కవాడు పడ్డందుకు మనసులో నవ్వుకున్నాను కూడా. కానీ పాఠకులు పొరబడే చోట్లు అని రిచర్డ్స్ వేసిన పట్టికలో ఒకటి నా మీదే రాసినట్టుంది: కవితలో లేని, చదివేవాడి సొంత జ్ఞాపకాలు మధ్యలో దూరి అదంతా కవితే చేసిందనిపించడం.

మా నాన్నతో నేనూ నాలుగేళ్ళు పొడిపొడిగా మాట్లాడాను. ఆ కథ చదువుతున్నప్పుడు గేటు దాటింది ఎవరో నాకు తెలుసు. సగం ఏడుపు దానిది. ఆ సగానికి ఆయన చెప్పిన ఫాలసీ సరిగ్గా సరిపోతుంది, నేను తల ఊపడం తప్పు కాదు, తెలియకుండా ఊపడం తప్పు. మిగతా సగం మాత్రం ఆ డు లో ఉంది, దాన్ని ఎవరు చదివినా చూపించొచ్చు. ఈ రెండు సగాలూ విడదీసి అప్పుడే చెప్పి ఉంటే చర్చ ఎంత బావుండేదో. నేనేమో ఒక గంటన్నర ముఖం కాపాడుకున్నాను.

పోయిన వారం ఆయన "ఫోకలైజేషన్" అన్నారు. తల సగం ఊగి ఆగింది. "నాకు తెలీదండీ, అంటే ఏంటి?" అని అడిగాను. గొంతు కొంచెం వణికింది, ఏం దాచను. ఆయన చాలా బాగా చెప్పారు. జెరార్డ్ జెనెట్ అనే ఫ్రెంచాయన 1972లో తెచ్చిన మాట, కథలో చెప్పేదెవరు, చూసేదెవరు, ఈ రెండూ ఒకరే కానక్కర్లేదు అని. పది నిమిషాలు ఇష్టంగా చెప్పారు, ఉదాహరణకి మా తండ్రీకొడుకుల కథే తీసుకున్నారు, చెప్పేది పెద్దయిన కొడుకే అయినా మొదటి పేజీలు చూసే కళ్ళు పదేళ్ళ పిల్లవాడివి అని. అయ్యాక అటు చివర కూర్చున్న ఒకరు నెమ్మదిగా, "నేనూ అడుగుదామనుకుంటూనే ఉన్నానండీ చాలా రోజుల్నుంచి" అన్నారు. ఆయన ప్రతిసారీ నాకంటే నమ్మకంగా తల ఊపే మనిషి.

అడిగాను కదా అని నా వాదం నెగ్గిందేమీ లేదు. ఆ రోజు కథలో ఆఖరి పేరా అనవసరం అన్నాను, ఇద్దరు రెండు వైపుల్నుంచీ వచ్చి ఎందుకు అవసరమో చూపించారు, ఒప్పుకోక తప్పలేదు. దార్లో మళ్ళీ సమాధానాలు తట్టాయి, ఒకటి బాగానే ఉంది కూడా.

వచ్చేసారికి ఇచ్చిన కథ ముప్పై పేజీలుంది. ఒకసారి చదివాను, ఏమీ అనిపించలేదు. పెన్సిల్ ఒకటి చెక్కి పెట్టుకున్నాను, రేపు రాత్రి ఇంకోసారి చదవాలి, ఈసారి వాక్యాల చివర్లు చూస్తూ.