చెనిక్కాయ నట్టా, కాదా?

మా అనంతపురంలో చెనిక్కాయల్లేకుండా వారం వంట చేయమంటే ఎవరూ ఒప్పుకోరు. సంగటిలోకి ఊరిబిండి, దోసెలోకి చట్నీ, వంకాయ కూరలోకి పొడి, సాయంత్రం బెల్లంతో ఉండలు. అమెరికాలో పుట్టిన మా పాప కూడా ఇవి తినే పెరిగింది. స్కూల్లో చేర్చాకే టెన్షన్ మొదలైంది. క్లాసు తలుపు మీద 'నట్ ఫ్రీ', అంటే నట్స్ ఉన్న తిండి తేకూడదు అని అంటించి ఉంటుంది.

ఊర్లో గ్రౌండ్‌నట్ అనేదాన్నే అమెరికాలో పీనట్ అంటారని పాపకు చెప్పడం సులువే. అసలు అది నట్టే కాదని చెప్పినప్పుడే నమ్మలేదు. మేం ఊరికి వెళ్లినప్పుడు చేలో పంట లేదు, ఫోన్లో ఫొటోలు చూపించాను. పసుపు పువ్వు నేల పైన పూస్తుంది, దాని నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి పోతుంది, కాయ లోపల కడుతుంది. కంది, పెసరలతో చుట్టరికం. జీడిపప్పు, బాదం, ఆక్రోటు మాత్రం చెట్ల కాయలు, వాటినే ట్రీ నట్స్ అంటారు. అమెరికాలో ప్యాకెట్ల మీద అలర్జీ వివరాలు రాయాలని 2004లో చేసిన చట్టం కూడా పీనట్‌ను, ట్రీ నట్స్‌ను విడివిడిగానే లెక్కేసింది. ఒకటి పడనివాళ్లకు రెండోది పడొచ్చు, కొందరికి రెండూ పడవు.

అయితే వృక్షశాస్త్రం మాట చెప్పి టీచరుతో వాదించే పని లేదు. స్కూలు బోర్డు మీద 'నట్' అంటే మామూలుగా రెండూ వస్తాయి. మా స్కూల్లో ఏమేం కూడవో మెయిల్లో అడిగి రాయించుకున్నాను. నువ్వుల సంగతీ అడిగాను, ఎందుకంటే 2023 జనవరి నుంచి అక్కడి ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో నువ్వులు తొమ్మిదోవి. నూనెలోనూ తేడా ఉంది. బాగా రిఫైన్ చేసిన చెనిక్కాయ నూనెకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది, గానుగ నూనెకు లేదు. గానుగ నూనెలో అలర్జీ తెచ్చే ప్రోటీన్ మిగిలి ఉండొచ్చు. మా అమ్మ సూట్‌కేసులో పెట్టి పంపే మురుకులన్నీ గానుగ నూనెవే, అందుకని అవి ఇల్లు దాటవు.

మన వంటను వాళ్లు చిన్నచూపు చూస్తున్నారని బాధపడే తల్లిదండ్రులు నాకు తెలుసు. నేనైతే ఒప్పుకోను. పక్క బెంచీ పిల్లకు గొంతు వాచి ఊపిరి ఆడకపోతే, ఆ పిల్ల ప్రాణం కన్నా మన ఊరిబిండి ఎక్కువేమీ కాదు.

ఇంకో తికమక అలర్జీకి, ఇంటాలరెన్స్‌కు మధ్య. మనం రెంటికీ 'పడదు' అనేస్తాం. ఇష్టం లేకపోయినా అదే మాట. పోయిన వేసవిలో అనంతపురంలో మా అమ్మ "నాకు పాలు పడవులే" అని గ్లాసు పక్కన పెడితే, పాప బెదిరిపోయి "ఎపిపెన్ ఉందా అవ్వా?" అని అడిగింది. అలర్జీ ముదిరితే వెంటనే పొడుచుకునే సూదిమందు అది. అవ్వకు పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది, అంతే. పాలలోని చక్కెర అరగక వచ్చే ఇబ్బంది అది. అలర్జీలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ తిండి మీద తిరగబడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. పాపకు ఈ తేడా చెబుతుంటే మా అమ్మ కూడా శ్రద్ధగా వినింది. పెరుగు మాత్రం తనకు పడుతుందని పదే పదే చెప్పింది!

నిజంగా కష్టమైంది పంచుకోవడం. అక్కడ టీచరు షేర్ చెయ్యమంటుంది, అది బొమ్మలూ క్రేయాన్లూ. బాక్సులోది మాత్రం ఎవరికీ పెట్టకూడదు. ఇక్కడ అవ్వ, "ఏం పాపా, ఎవురికీ పెట్టకుండా ఒక్కదానివే తింటాండావా?" అంటుంది. ఏడేళ్ల పిల్ల ఎవరి మాట వినాలి? ఇద్దరి మాటా వినమన్నాను. స్కూల్లో పెట్టొద్దు, ఊర్లో అడిగి పెట్టు అని చెప్పాను.

దాంతో అరుగు మీద కూర్చున్న పిల్లలందరినీ వరసగా "నట్ అలర్జీ ఉందా?" అని అడగడం మొదలుపెట్టింది. మా అన్న కొడుకు "మా నాయనకు దుమ్ము అలర్జీ" అని చెప్పి రెండు ఉండలు తీసుకున్నాడు. మా అమ్మకు ఆ అడగడం అంతగా నచ్చలేదు, పెట్టేటప్పుడు ప్రశ్నలేమిటని. నేను మాత్రం మాన్పించలేదు.