దూత చెప్పిన ఆనవాలు

డిసెంబరు నెల మొదలయ్యేసరికి శ్రీకాకుళం నుండి బొబ్బిలి వరకు విశ్వాసుల ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. అందులో తప్పేమీ లేదు, నాకూ అవి ఇష్టమే. అయితే నక్షత్రం కనిపించినది తూర్పు దేశపు జ్ఞానులకు, అది మత్తయి వ్రాసిన సంగతి. ఆ రాత్రి పొలంలో మందను కాచుకొంటున్న గొఱ్ఱెల కాపరులకు దూత ఏ నక్షత్రాన్నీ చూపలేదు. "దానికిదే మీకానవాలు, ఒక శిశువు పొత్తిగుడ్డలతో చుట్టబడి యొక తొట్టిలో పండుకొనియుండుట మీరు చూచెదరు" అని చెప్పాడు (లూకా 2:12). దేవదూత నోటితో ఆనవాలుగా ఇచ్చిన ఆ తొట్టిని మనం వేదిక మూలన ఒక అట్టపెట్టెతో సరిపెట్టి, చిన్నపిల్లలకు మాత్రం క్రిస్మస్ అంటే యేసయ్య పుట్టినరోజు అని ఒక్క మాట చెప్పి, కేకు కోయించి, చప్పట్లు కొట్టించి ఇంటికి పంపేస్తున్నాము.

ఐదేళ్ల పిల్లకు పుట్టినరోజు అంటే ఏమిటో బాగా తెలుసు. అందుకే, పుట్టినరోజు ఆయనదైతే కొత్త గౌను నాకెందుకు కొన్నారని అడుగుతుంది. మనం నవ్వి ఊరుకొంటాము. ఇంకొందరు పెద్దలు దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లి, ఆదాము పాపంతో మొదలుపెట్టి, ఆ పిల్ల ఇంకా శిశువును కన్నులారా చూడకముందే కల్వరికి తీసుకుపోయి మేకులు, రక్తం చూపిస్తారు. సిలువను గూర్చి చెప్పవద్దని నేననడం లేదు, దానికి సమయం వస్తుంది. అంత చిన్నవాళ్లను మాత్రం కాపరులు ఏ వాకిట లోపలికి వెళ్లారో ఆ వాకిటనే తీసుకువెళ్లాలి.

దూత ఇచ్చిన ఆనవాలులో రెండు భాగాలున్నాయి. పొత్తిగుడ్డలు మొదటిది. మన ఇళ్లలో చంటిబిడ్డను మెత్తబడిన పాత చీర ముక్కలో చుట్టి పడుకోబెడతాము, ఆ పిల్ల తన తమ్ముణ్ణో చెల్లెల్నో అలా చూసే ఉంటుంది. కాబట్టి ఆ మాట వినగానే యేసయ్య కూడా తమ్ముడిలాగే ఉన్నాడని దానికి అర్థమవుతుంది, మరేమీ వివరించనక్కర లేదు. అయితే గుడ్డలలో చుట్టిన బిడ్డలు బేత్లెహేములో ఇంకా ఉండి ఉండవచ్చు. పశువులు మేత మేసే తొట్టిలో పడుకొన్న బిడ్డ మాత్రం ఒక్కడే ఉంటాడు. రెండవ భాగం అందుకే ఇవ్వబడింది. అది కాపరులకే ఇవ్వబడింది కూడా, ఎందుకంటే తొట్టి ఎక్కడుంటుందో వారికి ఎవరూ దారి చెప్పనక్కర లేదు. రాజభవనంలో పుట్టి ఉంటే ద్వారపాలకుడు వారిని గడప తొక్కనిచ్చేవాడు కాడు. పశువుల సాలలోకి వెళ్లడానికి, కాళ్లకు మట్టి, ఒంటికి గొఱ్ఱెల వాసన ఉన్నవాడు ఎవరి అనుమతి అడగాలి? ప్రభువు తనను చూడడానికి వచ్చేవారి ఎత్తును బట్టి తన పడకను ఎంచుకొన్నాడని నేను నమ్ముతాను. తొట్టి నేలకు దగ్గరగా ఉంటుంది. పసిపిల్ల చెయ్యి చాచినా అందుతుంది.

ఈ మాటలు నేను సండే స్కూలులో చెబుతూ ఉండగా ఒక పిల్లవాడు లేచి, "తొట్టిలో బాబుని ఎట్టేస్తే ఆవు ఏటి తింటాది, టీచరు గారూ?" అని అడిగాడు. వారి ఇంట పాడి ఉన్నది, వాడి దిగులు నిజమైన దిగులు. లూకా ఆ సంగతి వ్రాయలేదు బాబూ అన్నాను. వెంటనే వాడి పక్కనున్న పిల్ల, "గడ్డి కింద ఏస్తే తింటాది, పరవాలేదు" అని తీర్పు చెప్పింది. ఆ సాయంకాలం నేను యెషయా గ్రంథం తెరిచాను. "ఎద్దు తన కామందు నెరుగును గాడిద సొంతవాని దొడ్డి తెలిసికొనును" అని మొదటి అధ్యాయం మూడవ వచనంలోనే ఉంది; ఆ వెంటనే, తన జనులకే తెలివి లేదని దేవుడు వాపోతాడు. లూకా వ్రాసిన జనన కథలో ఆవు లేదు, గాడిద లేదు. అయినా క్రైస్తవ లోకం తొట్టి పక్కన ఈ రెండింటినీ ఎప్పటినుండో నిలబెడుతూ వచ్చినది ఈ వచనాన్ని తలచుకొనే. 1223లో ఇటలీలోని గ్రేచ్చో అనే ఊరిలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి తొట్టి పెట్టించి, ఎండుగడ్డి వేయించి, నిజమైన ఎద్దును, గాడిదను తెప్పించి క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగినదాన్ని, మాకు పశువుల పాక అమర్చే అలవాటు తక్కువ. కతోలిక గుడులలో దానిని చూసినప్పుడల్లా ఈ విషయంలో వారు మాకంటె మెరుగని అనిపిస్తుంది.

మనుష్యులు చోటు ఇవ్వలేని రాత్రి, ఒక మూగజీవి మేత తినే చోటులో లోకరక్షకుడు నిద్రించాడు. పిల్లలకు చెప్పవలసిన క్రిస్మస్ ఇదే. "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన మాట మీద పెద్దలకు గంటసేపు ప్రసంగం చేయవచ్చు. పిల్లలకు ఆ మాట ఎందుకు? అన్నీ ఉన్న దేవుడు ఏమీ లేనివాడై మన దగ్గరకు వచ్చాడని, ఎత్తుకొంటేనే గాని కదలలేని బిడ్డగా వచ్చాడని చెబితే చాలు.

మన ప్రాంతపు పిల్లలకు ఈ కథలో ఇంకొకటి త్వరగా అందుతుంది. కైసరు ఔగుస్తు ఆజ్ఞ వలన నిండు చూలాలిని వెంటబెట్టుకొని యోసేపు నజరేతు విడిచి బయలుదేరాడు. తరువాత హేరోదు రాజు భయం వలన ఆ కుటుంబం ఐగుప్తుకు పారిపోయింది. ఆ రాజు చేయించిన శిశువుల వధను ఐదేళ్ల వయసులో చెప్పనక్కర లేదు గాని, ఈ ప్రయాణాలను దాచవద్దు. తీరం వెంబడి ఊళ్లలో చాలామంది పిల్లల తండ్రులు క్రిస్మస్ నాటికి గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల వేట బోట్ల మీద ఉంటారు. ఊరు విడిచి పోవడమంటే ఏమిటో, పరాయి చోట తల దాచుకోవడమంటే ఏమిటో ఆ పిల్లలకు మనం నేర్పేది లేదు. ఇమ్మానుయేలు, దేవుడు మనకు తోడు అని చెప్పండి. అక్కడ నాన్నకూ ఆయనే తోడని చెప్పండి. ప్రార్థన చేస్తే నాన్న రేపే వచ్చేస్తాడని మాత్రం చెప్పకండి. ఆయన ఇవ్వని మాటను ఆయన పేరు మీద ఇచ్చే అధికారం మనకు లేదు.

విశాఖపట్నంలో లండన్ మిషనరీ సంఘానికి చెందిన దేగ్రాంజ్, ఆనందరాయరు సహాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయ్యాయి, వాటిలో లూకా ఒకటి. రెండు వందల ఏళ్లుగా మన భాషలో ఉన్న కథను మన పిల్లలు ఎర్ర టోపీ తాత నుండి నేర్చుకోవడం నాకు సహించదు. లూకా రెండవ అధ్యాయం మొదటి ఇరవై వచనాలే కదా. ఇరవై నాలుగవ తేదీ రాత్రి, సౌండు బాక్సులు ఆపి, కేకు తీయకముందు, ఇంటిలోని చిన్నవారిని ఒడిలో కూర్చోబెట్టుకొని ఆ వచనాలు నెమ్మదిగా చదవండి. తొట్టిని పిల్లల చేతనే చేయించండి. కోతలు, నూర్పులు అయ్యే రోజులు కాబట్టి వరిగడ్డికి కొదువ ఉండదు. తళుకు కాగితం అంటించవద్దు. బొమ్మను ముందే పడుకోబెట్టవద్దు, ఏడవ వచనం చదివినప్పుడు అందరికంటె చిన్నపిల్ల చేత పెట్టించండి.

నాటికలు వేయించే టీచర్లకు ఇంకొక మనవి. కర్ర పట్టుకొని మరియమ్మను గద్దించే సత్రం యజమాని వేషాన్ని ఈ ఏడాదికైనా తీసివేయండి. సత్రములో వారికి స్థలము లేదని మాత్రమే లూకా చెప్పాడు, అక్కడ ఎవరూ ఎవరినీ తరిమినట్లు వ్రాయలేదు. ఆ వేషం పోయిందని ఎవరైనా పిల్లవాడు అలిగితే, వాడికి ఒక దుప్పటి కప్పి కాపరులలో నిలబెట్టండి. కాపరులు ఎందరో లూకా లెక్క చెప్పలేదు.