కువైట్ దినారు, సద్దాం బోరు

మా అమ్మాయి పెళ్లి పత్రిక మొదట తన తమ్ముడికే, అంటే నా మేనమామకే ఇవ్వాలని అమ్మ పట్టుబట్టింది. వాట్సాప్‌లో పంపితే సరిపోదా అని నోరు జారినందుకు కారు నడిపే పని మా అబ్బాయి మీద పడింది. హన్మకొండ నుంచి కోరుట్ల అవతల మామ ఉండే పల్లె దాకా దగ్గర దగ్గర నూట యాభై కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయలుదేరాం.

హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తిలో చాయ్ తాగుతుంటే మావాడు ఫోన్లో మ్యాప్ చూసి, "నాన్నా, పీవీ ఊరు ఇక్కడే కదా" అన్నాడు. ఇన్నేళ్లుగా ఈ దారిన తిరుగుతూ నేనొక్కసారీ వంగర వైపు బండి తిప్పలేదు. సిద్దిపేట రోడ్డు పట్టుకొని ముల్కనూరు మీదుగా వెళ్లాం. మామూలు పల్లెటూరు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, కారుకు దారి ఇవ్వని గేదెలు. పీవీ నరసింహారావు ఇంటి ముందు పది నిమిషాలు నిలబడ్డాం. ఆయన పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. దత్తత వచ్చి ఈ వంగర ఆయన ఊరైంది.

అక్కడ నిలబడితే నాకు 1991 గుర్తుకొచ్చింది. అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. దేశం బంగారం తాకట్టు పెట్టిందన్న వార్త విని మా నాయన రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఇంట్లో ఎవరో పుస్తెలు కుదువ పెట్టినట్టే బాధపడ్డాడు. మావాడికి ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అంతే. అందుకే అక్కడే గోడ నీడన నిలబడి చెప్పాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది. కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర రెట్టింపైంది. గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపే డబ్బూ తగ్గింది. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశం దగ్గర చివరికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే మిగిలాయి. 1991 జూన్ 21న పీవీ ప్రధాని అయ్యారు. జూలై మొదటి మూడు రోజుల్లో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. అదే నెలలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి అప్పు తెచ్చింది. అంతకుముందు మే నెలలో, చంద్రశేఖర్ ప్రధానిగా ఉన్నప్పుడే, మరో 20 టన్నులు వెళ్లిపోయాయి. తాకట్టు అనగానే ఇప్పటికీ చాలామంది మొత్తం పీవీ ఖాతాలోనే రాస్తారు, అది సరికాదు.

"అంటే పీవీ ఆర్థిక సంస్కరణలు, అదే లిబరలైజేషన్, కువైట్ వల్లే మనకు వచ్చిందా?" అన్నాడు మావాడు. అప్పుల కుండ అంతకుముందే నిండిందిరా, కువైట్ దాన్ని తన్నింది అన్నాను. అయితే మామయ్య తాతనే అడుగుదాం నాన్నా, ఆయన అప్పుడు కువైట్‌లోనే ఉన్నాడు కదా అన్నాడు. నిజమే. ఆ సంగతి వాడికి గుర్తుందని నేను అనుకోలేదు.

అడ్డదారిన మళ్లీ కరీంనగర్ రోడ్డెక్కాం. కరీంనగర్‌లో టిఫిన్ చేసి, కొండగట్టు అంజన్నకు కింది నుంచే దండం పెట్టుకున్నాం. జగిత్యాల దాటాక ఊళ్ల తీరు మారుతుంది. రెండంతస్తుల మేడ, గ్రానైటు మెట్లు, గేటుకు తాళం. దాని పక్కనే పెంకుటిల్లు, అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్లు. బతుకుదెరువంటే బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర ఒక మాట ఉంది. ఈ వైపు మాత్రం ఆ మూడో బాయిదే రాజ్యం.

మేము వెళ్లేసరికి అత్తమ్మ ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తోంది. మామ మంచం మీద కూర్చొని వార్తలు చూస్తున్నాడు. హర్ముజ్ జలసంధి గురించి, చమురు ధర గురించి ఆయనకు తెలిసినంత మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మావాడు సూటిగా కువైట్ సంగతి అడిగేశాడు. మామ టీవీ బంద్ చేశాడు.

"బేస్తారం బిడ్డా ఆ రోజు. తెల్లారితే శుక్రారం, సెలవు. మీ ముత్తవ్వకు డ్రాఫ్టు కడుదామని జీతం పైసలు దిండు కింద పెట్టుకొని పన్న. పొద్దుగాల లేసి సూస్తే రోడ్డు మీద ట్యాంకులు. మా మేస్త్రీ ఏమన్నడు తెలుసా? ఏదో పరేడ్ అయితుంది, పనికి నడువుండ్రి అన్నడు."

నెల దాటాక బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ సరిహద్దుకు చేరారట. ఎడారిలో డేరాలు, రొట్టె కోసం లైను, నీళ్ల కోసం ఇంకో లైను. అప్పటికే మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను కలిసి వచ్చారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు రెండు నెలల పాటు దాదాపు ఐదు వందల ట్రిప్పులు తిరిగి లక్షకు పైగా మనుషుల్ని తెచ్చాయి. ఆ లెక్కలో మా మామ ఒకడు. ఇక్కడ అమ్మ మాత్రం ఆ నలభై రోజులూ రేడియో ముందే కూర్చుంది. బతుకమ్మ పండుగ ముందర బొంబాయి బస్సు దిగిన తమ్ముణ్ని చూసి మొదట గుర్తుపట్టలేదట.

జీతం పైసలు ఏమయ్యాయని అడిగాను. మామ లేచి దేవుడి పటం వెనక నుంచి ఒక దినారు నోటు తీశాడు. దారిలో ఆ నోట్లను సగం ధరకు కూడా ఎవరూ తీసుకోలేదు. యుద్ధం ముగిశాక 1991లో కువైట్ కొత్త నోట్లు తెచ్చి పాతవి రద్దు చేసింది. మామ దగ్గర మిగిలింది ఇదొక్కటే. మావాడు ఫోటో తీసుకున్నాడు. మామ నోటును మళ్లీ పటం వెనకే పెట్టాడు.

తర్వాతి ముచ్చట నాకూ కొత్తే. నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వడానికి ఐక్యరాజ్య సమితి 1991లో జెనీవాలో ఒక కమిషన్ పెట్టింది. డబ్బు ఇరాక్ అమ్ముకునే చమురులో వాటా. కువైట్ విడిచి రావాల్సి వచ్చిన ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, వేరే పరిహారమేదీ అడగనంటే 4,000. మామ ఫారం నింపించి మర్చిపోయాడు. ఎన్నో ఏళ్లకు డబ్బు చేతికొచ్చింది. అంతకుముందు మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. ఆ డబ్బుతో వేసిన నాలుగోది పడింది.

"ఊర్ల దాన్ని సద్దాం బోరు అంటరు" అంది అత్తమ్మ, ఆకు మీంచి కళ్లెత్తకుండానే.

మధ్యాహ్నం తిన్నాక ఆ బోరు చూడటానికి పొలం దాకా నడిచాం. పసుపు చేలు, మధ్యలో మోటారు డబ్బా. ఇరాక్ ఆ పరిహారం చివరి వాయిదా కట్టింది 2022 జనవరిలో. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. దాడి చేసిన రోజు నుంచి లెక్కేస్తే ముప్పై ఒక్క ఏళ్లు. ఈ మాట చెబితే మామ మోటారు వైపు చూసి, "గీ మోటారు రెండుసార్లు కాలిపోయింది గని, అప్పటిదాంక వాళ్ల బాకీ తీరలే" అని నవ్వాడు.

దేశం బంగారం తాకట్టు పెట్టినప్పుడు మా నాయన బాధపడ్డాడని చెప్పాను కదా. అదే ఏడు రూపాయి విలువ తగ్గించిన సంగతి మామను అడిగితే ఆయన లెక్క వేరు. 1993లో ఆయన మళ్లీ గల్ఫ్‌కు, ఈసారి దుబాయి వెళ్లాడు. అవే దిర్హములకు ఇంటి దగ్గర ఎక్కువ రూపాయలొచ్చాయి. పెంకుటిల్లు మీద స్లాబు పడింది అప్పుడే. నాకు వంగరలో ఆ గోడ నీడన చెప్పిన పాఠం సగమేనని అనిపించింది. పెద్ద కొడుకు 2009లో దుబాయిలో పని ఆగిపోయి తిరిగొచ్చాడు. చిన్నవాడు ఇప్పుడు ఖతర్‌లో ఉన్నాడు, ప్రపంచ కప్ పనులకని వెళ్లి అక్కడే ఉండిపోయాడు. పెళ్లికి సెలవు దొరుకుతుందో లేదో వాడి కఫీల్, అంటే అక్కడ పనిలో పెట్టుకున్న స్పాన్సర్, దయ.

చీకటి పడకముందే బయలుదేరాలి. పత్రికకు పసుపు రాసి మామ చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకొని పేర్లన్నీ పైకి చదివాడు. తేదీ దగ్గర ఆగిపోయాడు.

"బేస్తారమా?"

"అయ్యగారు పెట్టిన ముహూర్తం మామా."

ఆయన పత్రిక మడిచి అత్తమ్మకిచ్చాడు. "పెట్టిండు తియ్. మేమైతే బుధారమే బయలెల్లి వస్తం."