డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్: ఐదు ప్రెసింగులు, ఒకే సూది - ఇప్పటిదాకా తేలినవి

పింక్ ఫ్లాయిడ్ 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఇప్పుడు నా దగ్గర ఐదు ప్రెసింగులుగా, అంటే వేర్వేరు కాలాల్లో, చోట్ల అచ్చయిన ఐదు ఎల్పీలుగా ఉంది. కొన్నేళ్లుగా ఒక్కొక్కటే చేరుతూ వచ్చాయి. ఏది ఎలా పలుకుతుందో ఓపిగ్గా తేల్చుకుందామని మొదలుపెట్టిన పని సగానికి పైగా అయింది. మొదటి వైపు ఫలితం మీద నాకు గురి కుదిరింది. రెండో వైపు ఇంకా నడుస్తోంది. ఇలాంటి పోలికలు చేసుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని పద్ధతితో సహా రాస్తున్నాను.

ఈ ఆల్బమే ఎందుకంటే, రికార్డులో ఎక్కడెక్కడ లోపం బయటపడుతుందో అన్ని చోట్లా ఇందులో సంగీతం ఉంది. మొదలే గుండె చప్పుడు. దాదాపు నిశ్శబ్దంలోంచి మెల్లగా పైకి వస్తుంది కాబట్టి ప్లాస్టిక్ నాణ్యత అక్కడే తెలిసిపోతుంది. ‘టైమ్’ ముందు మోగే గడియారాలను ఇంజనీరు అలాన్ పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణానికి వెళ్లి విడివిడిగా రికార్డు చేసుకొచ్చాడు. ఆ గంటలు పదునుగా ఉండాలి, చెవిలో గుచ్చుకోకూడదు. ఆ వెంటనే నిక్ మేసన్ రోటోటామ్ డ్రమ్ములు. మొదటి వైపు చివర్లో ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’లో క్లేర్ టోరీ మాటల్లేని గానం. రెండో వైపు ‘మనీ’లో బేస్ గిటార్, ‘అస్ అండ్ దెమ్’లో మెత్తటి చరణాల మీద ఒక్కసారిగా విరుచుకుపడే కోరస్.

ఇక ఐదు కాపీల సంగతి. ఒకటి, 1970ల నాటి యూకే కాపీ, హార్వెస్ట్ అనే లేబుల్‌ది, కేటలాగ్ నంబరు ఎస్‌హెచ్‌వీఎల్ 804. లేబుల్ మీద త్రికోణం గీతలుగా మాత్రమే ఉంటుంది. నిండు నీలిరంగు త్రికోణం ఉంటే అది తొలి విడత. దాని ధర నాకు అందదు. రెండోది అదే కేటలాగ్ నంబరుతో మన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చువేసింది. మన ఇళ్లలో ఉన్న హెచ్‌ఎంవి తెలుగు సినిమా రికార్డులు కూడా వచ్చింది అక్కడినుంచే. మూడోది అమెరికాకు చెందిన మొబైల్ ఫిడెలిటీ 1979లో తెచ్చిన ఎంఎఫ్‌ఎస్‌ఎల్ 1-017. ఇది న్యూజెర్సీలో ఉండే మా బావగారిది, ఈ పోలిక కోసం హ్యాండ్ లగేజీలో పెట్టుకుని తెచ్చి ఇచ్చారు. నాలుగోది 2003 నాటి 30వ వార్షికోత్సవ ప్రతి. మాస్టరింగ్ (టేపులోని శబ్దాన్ని రికార్డుకు తగ్గట్టు సిద్ధం చేయడం) డగ్ సాక్స్, కెవిన్ గ్రే. ఐదోది 2016లో పింక్ ఫ్లాయిడ్ రికార్డ్స్ పేరుతో వచ్చినది. జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంట్, బెర్నీ గ్రండ్‌మన్ పేర్లు దాని మీద ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కాపీ కొనేటప్పుడు పనికొచ్చే ఒక గుర్తు చెప్తాను. క్లేర్ టోరీ ఆ పాట పాడింది 1973 జనవరిలో ఒక ఆదివారం, 30 పౌండ్లకు. తర్వాత 2004లో ఆమె కోర్టుకు వెళ్లింది, 2005లో రాజీ కుదిరింది. అప్పటినుంచి వచ్చిన ప్రతుల్లో ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’కి స్వరకర్తగా రిచర్డ్ రైట్ పేరు పక్కన ఆమె పేరు కూడా ఉంటుంది. అంటే 1970ల కాపీ అని అమ్మేవాళ్లు చూపించే లేబుల్ మీద టోరీ పేరు కనిపిస్తే వెంటనే అనుమానించాలి. లేబుల్ చుట్టూ పాటలేని ఖాళీ స్థలంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు ఇంకా గట్టి సాక్ష్యం. యూకే కాపీల్లో అక్కడ హెచ్‌టీఎం అన్న అక్షరాలు ఉంటే కటింగ్ (అచ్చుకు మూలమైన డిస్కు మీద గాడి చెక్కడం) చేసింది రికార్డు కంపెనీ ఈఎంఐ ఇంజనీరు హ్యారీ మాస్ అని అర్థం. టార్చి లైటు ఏటవాలుగా పట్టుకుంటే బాగా కనిపిస్తాయి.

సరంజామా: టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్, ఆడియో టెక్నికా వీఎం540ఎంఎల్ కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం), రికార్డు మీద సూది మోపే బరువు 2 గ్రాములు. ఈ కార్ట్రిడ్జ్ సూది మొన మైక్రోలీనియర్ ఆకారంలో ఉంటుంది. పాతకాలపు గుండ్రటి సూదులు గాడి గోడను ఎక్కడ అరగదీశాయో అక్కడ కాకుండా వేరే చోట తాకుతుంది కాబట్టి పాత రికార్డులు కూడా చాలావరకు తేరుకుంటాయి. డమ్‌డమ్ కాపీ విషయంలో ఇది బాగా తెలిసింది. మామూలు సూదితో వింటే గరగరలాడిన చోట్లు దీనితో సగానికి సగం తగ్గాయి.

కడగడం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో బోరు నీళ్లతో కడిగితే ఆ ఉప్పంతా గాడుల్లో తెల్లగా మిగులుతుంది. బ్యాటరీల కోసం అమ్మేవి కాకుండా, మందుల షాపులో దొరికే శుద్ధమైన డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నాను. అందులో ఫొటో ల్యాబులవాళ్లు వాడే వెటింగ్ ఏజెంట్ కొన్ని చుక్కలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా రుద్దకూడదు. లేబుల్ తడవకుండా చూసుకోవాలి. తర్వాత మళ్లీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఒక కడుగు, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టడం, కొత్త లోపలి కవరు. పాత కాగితం కవర్లలో మళ్లీ పెడితే చేసిన పనంతా వృథా. చలికాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు స్టాటిక్ వల్ల దుమ్ము రికార్డును వెతుక్కుంటూ వస్తుంది. అందుకే ముఖ్యమైన రికార్డింగులన్నీ వానలు మొదలయ్యాక పెట్టుకున్నాను.

2003, 2016 ప్రతులు 180 గ్రాములవి, మందంగా ఉంటాయి. డమ్‌డమ్ కాపీ బాగా పలచన. ఈ తేడాకు టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) ఎత్తు మార్చాలా అని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. ఈ ఆర్మ్ ప్రభావిత పొడవు, అంటే ఇరుసు నుంచి సూది మొన దాకా, 230 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు తేడా వస్తే సూది వంపులో మార్పు దాదాపు 0.12 డిగ్రీ. నాకది వినిపించదు. అయినా టెక్నిక్స్‌లో ఆర్మ్ అడుగున ఉన్న రింగు తిప్పితే సరిపోతుంది కాబట్టి ప్రతిసారీ సరిచేస్తున్నాను, తర్వాత ఆ అనుమానం మిగలకుండా.

అసలు కీలకం వాల్యూమ్. ఒకే పాట రెండు రికార్డుల్లో ఒక డెసిబెల్ తేడాతో మోగితే, ఎక్కువగా మోగిందే ‘బాగుంది’ అనిపిస్తుంది. అది చెవి స్వభావం, ఎంత అనుభవం ఉన్నా తప్పదు. ఈ ఐదింట్లో కటింగ్ లెవెల్ తేడాలు అంతకు మించే ఉన్నాయి. అందుకని ప్రతి రికార్డునూ ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచేది) నుంచి యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ద్వారా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ సమానం చేస్తున్నాను. మొత్తం శబ్దం సగటు తీసుకుంటే బేస్ ఎక్కువున్న ప్రతి లెక్కను తనవైపు లాగేస్తుంది. కాబట్టి కొలత కోసం మాత్రం ఒక నకలు తీసి, 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని మిగిల్చి, దాని ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు బలం) చూసి, అసలు ఫైలును అంతమేరకు పెంచడమో తగ్గించడమో చేస్తాను. మొదటి వైపుకు ‘బ్రీద్’, రెండో వైపుకు ‘ఎనీ కలర్ యూ లైక్’ కొలతకు వాడుతున్నాను, రెండూ నిలకడగా సాగేవి. 0.2 డెసిబెల్ లోపు వచ్చేదాకా వదలను. చిటపటలు తీసేసే ఫిల్టర్లు మాత్రం ముట్టుకోను.

వినేటప్పుడు ఏది ఏదో తెలియకూడదు. మా తమ్ముడు ఫైళ్ల పేర్లు మార్చి ఇస్తాడు. వాడికి రాక్ సంగీతం మీద పెద్దగా ఆసక్తి లేదు, కానీ చెవి మంచిది, కచేరీలకు వెళ్లే అలవాటుంది. ‘గ్రేట్ గిగ్’ వినిపిస్తుంటే పక్కనే కూర్చుని, “అన్నయ్యా, మూడోదాంట్లో ఆవిడ గొంతు మన గదిలోకి వచ్చింది, మిగతావాటిలో గోడకు అవతల ఉంది” అన్నాడు. నేను రాసుకున్నదీ అదే. ఏ ఫైలు ఏదో వాడు రాసిపెట్టిన కాగితం తెరిచి చూస్తే ఆ మూడో ఫైలు 2003 ప్రతి.

ఆ పాట దగ్గర గొంతు నిలబడటం చిన్న విషయం కాదు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగినా, బయటి అంచున గాడి సూది కింద సెకనుకు అర మీటరు వేగంతో జరిగితే, లోపలి అంచున సుమారు 0.2 మీటర్లకు పడిపోతుంది. అంతే సమాచారం సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. మొదటి వైపు నిడివి 19 నిమిషాలే కాబట్టి కటింగ్ ఇంజనీరు గాడులు మరీ లోపలికి పోకుండా ఆపగలడు, కానీ టోరీ గొంతు అరుపు స్థాయికి చేరేది ఆ చివరి భాగంలోనే. యూకే కాపీలో ఆ పైస్థాయి దగ్గర కాస్త చీలిక వినిపిస్తుంది. అది కటింగ్‌లోనిదా, పాత యజమాని సూది చేసిన గాయమా అన్నది ఇంకో యూకే కాపీ దొరికితే గానీ తేలదు. 2003 ప్రతిలో చీలిక లేదు, గొంతులోని బరువూ తగ్గలేదు. మొదటి వైపుకు నా ఓటు దానికే.

మొబైల్ ఫిడెలిటీ గురించి ఎక్కువ ఆశించాను. టేపునూ కటింగ్ యంత్రాన్నీ సగం వేగంతో నడిపి చేసిన కటింగ్ అది, చేసింది స్టాన్ రికర్. అలా చేస్తే 20 కిలోహెర్ట్జ్ శబ్దం యంత్రానికి 10 కిలోహెర్ట్జ్‌గా అందుతుంది, పైస్థాయి శబ్దాలను చెక్కడం తేలికవుతుంది. జపాన్‌లో జేవీసీ అచ్చువేసిన ఆ ప్లాస్టిక్ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, గుండె చప్పుడు మిగతా ప్రతులకంటే ముందే వినిపించడం మొదలవుతుంది. గడియారాలు వేటికవి విడిగా నిలబడతాయి. ఆ ఒక్క నిమిషానికి దీన్ని మించింది లేదు. కానీ పాట మొదలయ్యాక పైన మెరుపు, కింద బేస్ పెరిగి, గిల్మోర్ గిటార్, గొంతు ఉండే మధ్యభాగం వెనక్కి జరిగినట్టుంది. ‘టైమ్’ సోలోలో ఆ గిటార్ నాకు ముందుండాలి. బావగారికి ఫోన్‌లో ఇదే చెప్పాను. ఆయనకు ఆ మెరుపే ఇష్టమట. మనస్ఫూర్తిగా గౌరవిస్తాను, నేను మాత్రం దీన్ని రెండో స్థానంలో కూడా పెట్టలేను.

డమ్‌డమ్ కాపీ గుండె చప్పుడు పరీక్షలో పాస్ కాలేదు. మొదటి అర నిమిషం చిటపటే ఎక్కువ. అయితే ‘బ్రీద్’ మొదలయ్యాక నేను రాసుకున్న నోట్సులో దీని పక్కన ‘గొంతు వెచ్చగా, దగ్గరగా’ అని ఉంది. పేర్లు తెలియనప్పుడు రాసిన మాట కాబట్టి దానికి విలువ ఇస్తున్నాను. పైస్థాయి కొంత మొద్దుబారింది, డ్రమ్స్‌లోని సింబల్స్ మోత చివరిదాకా సాగదు. మన దేశంలో పాత రికార్డుల షాపుల్లో మంచి స్థితిలో కనిపిస్తే తప్పక తీసుకోండి.

2016 ప్రతి శుభ్రంగా, సమతూకంగా ఉంది. కొత్తగా ఒక్క కాపీ కొని హాయిగా వినాలనుకునేవాళ్లకు అదే చెప్తాను.

రెండో వైపు 23 నిమిషాలకు పైనే. గాడులు దగ్గరదగ్గరగా ఉంటాయి, ‘ఎక్లిప్స్’ మొత్తం బృందంతో పెద్దగా పలికేది లోపలి అంచునే. ఇక్కడ ఇప్పటివరకు యూకే కాపీ ముందుంది. ‘మనీ’లో రోజర్ వాటర్స్ బేస్ ఒక్కో స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దీంట్లోనే స్పష్టంగా తెలుస్తోంది, డిక్ ప్యారీ శాక్సఫోన్‌కు ఊపిరి వినిపిస్తోంది. 2003 ప్రతి దాదాపు సమానం, కానీ నా కాపీలో ‘అస్ అండ్ దెమ్’ మధ్యలో ఒకచోట అచ్చువేసేటప్పుడు వచ్చిన లోపం లాంటి చప్పుడు ఉంది, కడిగినా పోలేదు. దానివల్ల గుడ్డి పరీక్షలో అది ఏదో నాకు తెలిసిపోతోంది. ఆ చోటు దాటాక మొదలయ్యే ముక్కలు కోసి, వాటితోనే మళ్లీ వినిపించమని తమ్ముడికి చెప్పాను. వచ్చే వారం ‘ఎక్లిప్స్’ ఒక్కటే తీసుకుని, ఐదు ప్రతుల్లోనూ కోరస్ గొంతులు ఎంతవరకు విడివిడిగా నిలబడుతున్నాయో చూస్తాం. దానికి ముందు ఓవర్‌హ్యాంగ్ (సూది ఎంత ముందుకు ఉందన్న అమరిక), అజిముత్ (సూది పక్కకు ఒరగకుండా నిటారుగా ఉందా అన్నది) మళ్లీ ఒకసారి ప్రొట్రాక్టర్ పెట్టి సరిచూడాలి. యూకే రెండో కాపీ కోసం బెంగళూరులో ఒక అమ్మకందారుతో మాట్లాడుతున్నాను. మ్యాట్రిక్స్ ఫొటోలు పంపుతానన్నారు.